పాత మిద్దెయిల్లా, పదేళ్ల ఫ్లాటా? నెల్లూరులో మొదటిసారి కొనేవాళ్లకు ఏది మేలు?

నాలుగు డబ్బులు వెనకేసుకుని, నెల్లూరులో ఒక ఇల్లు కొని అద్దెకిద్దామనుకునేవాళ్ల ముందుకు మామూలుగా మూడు బేరాలు వస్తాయి. మూలాపేటలోనో స్టోన్‌హౌస్‌పేటలోనో ముప్పై నలభై ఏళ్ల ఇల్లు కొని బాగుచేయించడం ఒకటి. రామలింగాపురం, వేదాయపాళెం వైపు పదేళ్లు దాటిన ఫ్లాటు కొని పైపై మరమ్మతులతో అద్దెకివ్వడం రెండోది. ఊరి బయట లేఅవుట్లో ప్లాటు కొని పడేయడం మూడోది. నా మాట ముందే చెప్పేస్తాను. మొదటిసారి, అదీ బ్యాంకు అప్పుతో కొనేవాళ్లకు పదేళ్ల ఫ్లాటే మేలు. పాతిల్లు స్థలం రేటుకే వస్తే మాత్రం సంగతి వేరు.

స్థలం రేటు తేల్చుకోవాలంటే ముందు అంకణం సరిగ్గా తెలియాలి. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. అక్కడి చుట్టాలు చెప్పిన రేటుతో పోల్చుకుంటే లెక్క సగానికి సగం తేడా కొడుతుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. 25 అంకణాల పాతిల్లు, అడుగుతున్నది 62 లక్షలు. అదే వీధిలో ఖాళీ స్థలం అంకణం రెండు లక్షలకు పోతోందనుకోండి. స్థలమే 50 లక్షలయింది. అంటే ఆ గోడలకీ శ్లాబుకీ మీరు 12 లక్షలు ఇస్తున్నట్టు. ఆ 12 లక్షలకు అవి తూగుతాయా అన్నదే ప్రశ్న.

దీనిపైన రిజిస్ట్రేషన్. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం నూటికి ఏడున్నర. మీరు కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద కట్టాలి. 62 లక్షలకు 4.65 లక్షలు. బాగుచేతకు పది లక్షలు వేసుకుంటే మొత్తం 76.65 లక్షలు. రెండు పోర్షన్లు చేసి నెలకు 18 వేలు అద్దె రాబట్టారనుకుందాం. ఏడాదికి 2.16 లక్షలు, నూటికి మూడు రూపాయలు కూడా కాదు. అదే 45 లక్షల ఫ్లాటయితే రిజిస్ట్రేషన్ 3.38 లక్షలు, మరమ్మతులు మూడు లక్షలు, అద్దె 14 వేలు. నూటికి మూడుంపావు వస్తుంది. మన వడ్డీ భాషలో చెప్పాలంటే రెండూ పావలా వడ్డీకి అటూ ఇటూ. బ్యాంకు అప్పేమో ముప్పావలాకు కాస్త తక్కువ. అద్దెతో కంతు కట్టేయొచ్చని చెప్పే బ్రోకరు ఈ లెక్క మీ ముందు వెయ్యడు.

మరి పాతింటికి ఎందుకు ఎగబడతారంటే, దాని కింద నేల ఉంది. పదిహేనేళ్లకు రేటు పెరిగేది నేలే. ఫ్లాటులో మీకొచ్చే నేల కొన్ని గజాల అవిభాజ్య వాటా, అంటే అందరితో కలిసి ఉండే విడదీయని వాటా మాత్రమే. ఇది నిజమే, కాదనను. కానీ చేతి డబ్బు ఎంత కావాలో చూడండి. 30 లక్షల నుంచి 75 లక్షల దాకా ఉండే ఇంటి అప్పు ఇల్లు విలువలో నూటికి 80 మించకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. పై ఉదాహరణలో పాతింటికి 27 లక్షలు సొంతంగా తేవాలి, ఫ్లాటుకు పదిహేనున్నర లక్షలు చాలు. పైగా ప్లాను లేని పాతింటికి బ్యాంకు వాల్యుయేషన్ తక్కువే వస్తుంది. అప్పుడు ఆ 27 ఇంకా పెరుగుతుంది.

పాతిల్లే కావాలనుకుంటే లోపలికి వెళ్లకముందే గడప చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత వీధుల్లో ఎన్నో ఇళ్లు రోడ్డు కంటే పల్లమైపోయాయి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ వాయుగుండం పడితే రెండు మూడు రోజులు ఏకధాటిగా కురుస్తాయి. వేసవిలో చూసిన ఇంటికి అడ్వాన్సు ఇవ్వాల్సొస్తే పక్కింటివాళ్లను అడగండి, నీళ్లు ఎందాకా వచ్చాయని. ఇంటాయన ఎలాగూ చెప్పడు. గోడల మీద మోకాలెత్తున కొత్త రంగు కనిపిస్తే ఇంకా గట్టిగా అడగండి. 2021 నవంబరులో సోమశిల డ్యాం నుంచి వదిలిన నీళ్లకు పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం లాంటి చోట్ల ఇళ్లు మునిగాయి. పొర్లుకట్ట, అంటే ఏటి వరదను ఆపే కరకట్ట, దగ్గర్లో ఇల్లు చవగ్గా వస్తోందంటే కారణం అదే కావచ్చు. జాకీలు పెట్టి ఇల్లంతా పైకెత్తేవాళ్లు ఉన్నారు గానీ, అద్దెకోసం కొనే ఇంటికి ఆ ఖర్చు నాకు నచ్చదు. లోపల మట్టి పోసి ఫ్లోరింగ్ ఎత్తు పెంచితే తలుపులు కోయాలి, ఫ్యాను తలకు తగిలేంత కిందికొస్తుంది.

తర్వాత పైకప్పు. మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో ఇంకా మద్రాసు టెర్రస్ మిద్దెలు కనిపిస్తాయి. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసినవి. మే నెలలో అలాంటి ఇంట్లో కూర్చుంటే కొనెయ్యాలనిపిస్తుంది, అంత చల్లగా ఉంటుంది. దూలం చివర గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే చెమ్మో చెదలో లోపల పని మొదలుపెట్టాయన్నమాట. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం ఇప్పుడు కష్టం. దొరికినవాడు సిమెంటుతోనే పూస్తానంటాడు. సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక, రెండు మూడు వానాకాలాలకు ఆ పూత పొంగి ఊడిపోతుంది.

శ్లాబు ఇల్లయితే సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. బాత్‌రూము పైన ఒక్కచోట కమ్మి తేలితే బాగుచేయొచ్చు. ప్రతి గదిలోనూ పెచ్చులు ఊడి కమ్మి తుప్పు పట్టి ఉంటే ఆ ఇంటి విలువ సున్నా అనుకోండి. మన ఉదాహరణలో అయితే బేరం స్థలం విలువ 50 లక్షల దగ్గర మొదలుపెట్టి, పడగొట్టే ఖర్చు కూడా తగ్గించమనండి. పాత టేకు తలుపులు, కిటికీలు అమ్మితే ఆ ఖర్చులో కొంత తిరిగొస్తుంది.

కాగితాల దగ్గర పాతిల్లు ఎక్కువ టెన్షన్ పెడుతుంది. తాతల నాటి ఇల్లయితే అన్నదమ్ములతో పాటు ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాలి. పెళ్లిళ్లు చేసి పంపేశాం కదా అంటే చట్టం ఒప్పుకోదు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్, ముప్పై ఏళ్లకు తీయించండి. దేవాదాయ, వక్ఫ్ భూములుంటాయి కాబట్టి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి నూటికి ఒక రూపాయి టీడీఎస్, అంటే ముందే పట్టే ఆదాయపు పన్ను, పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటే, మన జిల్లాలో ఇది చాలా మామూలు, ఆ పట్టేది ఒక్క రూపాయి కాదు, చాలా ఎక్కువ. తగ్గించుకునే సర్టిఫికెట్ వాళ్లు ఇన్‌కంటాక్స్ శాఖ నుంచి తెచ్చుకోవాలి. ఇది తెలియక మొత్తం డబ్బు వాళ్ల చేతిలో పెడితే ఆ పన్ను మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫ్లాటులో చూడాల్సినవి తక్కువ, కానీ వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. పై అంతస్తు అయితే టెర్రస్ ఉరుస్తోందా, ఉరిస్తే ఆ ఖర్చు అసోసియేషన్ పెట్టుకుంటుందా, మీరొక్కరేనా? లిఫ్టు పాతబడింది, మార్చడానికి డబ్బు పోగుచేశారా? కారు పార్కింగ్ దస్తావేజులో రాసి ఉందా, నోటి మాటేనా? పదిహేను వందల అడుగులని చెప్పిన ఫ్లాటులో గోడల మధ్య టేపు పట్టి కొలవండి, పదకొండు వందలొస్తే ఆశ్చర్యపోవద్దు. అద్దెకు తీసుకునేవాళ్లు అడిగేది ఆ పదకొండు వందలనే. కట్టుబడిలో ఉన్న కొత్త ఫ్లాటుకు నూటికి ఐదు జీఎస్టీ పడుతుంది, చిన్న ఫ్లాటు 45 లక్షల లోపయితే ఒకటి. చేతులు మారే పాత ఫ్లాటుకు అది లేదు.

ప్లాటు గురించి రెండు మాటలు చాలు. అద్దె రాదు, బాగుచేయడానికీ ఏమీ లేదు, ఖాళీ స్థలం పన్ను మాత్రం వస్తుంది. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుట్ జోలికి పోవద్దు. "అన్నా, రేపటికి ఉండదు" అన్న ప్లాటు వచ్చే సంక్రాంతికి కూడా అక్కడే ఉంటుంది.

ఇక బాగుచేయించడం. ముందు నీళ్లు కారడం ఆపాలి, తర్వాత వైరింగ్, పైపులు, ఆ తర్వాతే టైల్సు, చివర్న రంగులు. చాలామంది తిరగేసి చేస్తారు, కొత్త టైల్సు పగలగొట్టి పైపు మారుస్తారు. అద్దె ఇంటికి మాడ్యులర్ కిచెన్ దండగ. గ్రానైట్ గట్టు, మంచి సింకు, అటకకు తలుపులు చాలు, గ్రానైట్ గనులున్న చీమకుర్తి పక్క జిల్లాలోనే ఉండగా గ్రానైటుకు వెతుక్కోనక్కర్లేదు. పోగతోట ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, పిల్లల చదువులకని ఊరొచ్చిన కుటుంబాలు చూసేది నీళ్లు, బాత్‌రూము, కిటికీకి దోమతెర. మీరు ఊళ్లోనే ఉండి రోజూ వెళ్లి చూడగలిగితే లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సామాను మీరే కొనండి, తక్కువలో పోతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే సామానుతో కలిపి ఇచ్చేయడమే నయం. డబ్బు మాత్రం పని జరిగిన మేరకే ఇవ్వండి. పైకప్పు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలకు ముందే ముగించాలి.

ఒంగోలులో కొనేవాళ్లకూ ఈ లెక్కే. అక్కడ అదనంగా అడగాల్సింది నీళ్ల గురించి. సాగర్ కాలువ నీళ్లు చెరువుల్లో నింపుకుని తాగే ఊరు కాబట్టి, కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, సంపు ఎంత పెద్దది, బోరు నీళ్లు ఉప్పా మంచివా కనుక్కోండి. సంపు చిన్నదైన ఇంట్లో అద్దెవాళ్లు ఎండాకాలం దాటి నిలవరు.

బాగుచేతలో ప్రతి బిల్లూ మీ పేరున తీసుకుని దాచుకోండి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద నూటికి పన్నెండున్నర పన్ను. కొత్త గది, కొత్త శ్లాబు లాంటి ఖర్చులు ఆ లాభంలోంచి తీసేసుకోవచ్చు. రంగులు, చిన్న రిపేర్లు అందులోకి రావు. మేస్త్రి కాగితం ముక్క మీద రాసిచ్చిన లెక్క కూడా పనికిరాదు.