శ్రీశైలం రెండు రోజుల ట్రిప్: సత్రం, రోప్‌వే, అడవిలో పంక్చర్

పోయిన నెల శని ఆదివారాలు శ్రీశైలం వెళ్ళొచ్చాం, నేను, మా ఆవిడ, అమ్మ, మా బామ్మర్ది. హైదరాబాద్ నుంచి 210 కిలోమీటర్లు దాటుద్ది, పొద్దున్నే అయిదింటికి బయల్దేరి కల్వకుర్తి దాటాక టిఫిన్ చేసి మన్ననూర్ చెక్‌పోస్ట్ చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవే, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లని లోపలికి వదలరు. రాత్రి తొమ్మిదికి గేటు మూసే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

దేవస్థానం కాటేజీలు ఆన్‌లైన్‌లో అప్పటికే అయిపోయాయి, మావాళ్ళ సత్రంలో నాన్ ఏసీ రూమ్ దొరికింది. రూమ్ చిన్నదే, వేడినీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు, కానీ గుడికి అమ్మ మెల్లగా నడిచి వెళ్ళగలిగింది, భోజనం ఆకులో వేడివేడిగా పెట్టారు, కొసరి కొసరి వడ్డించారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి సత్రమే నయం అని నా అభిప్రాయం. పాతాళగంగకి రోప్‌వే ఎక్కండి, అన్ని మెట్లు దిగి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ వల్ల కాదు. సాక్షి గణపతి, శిఖరం రెండూ చూశాం. డ్యామ్ గేట్లు ఎత్తలేదు, అయినా వ్యూ పాయింట్ దగ్గర గాలికి కాసేపు నిలబడబుద్ధి అయ్యింది.

అసలు చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణం గురించి. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి బయల్దేరాం, దోమలపెంట దాటి ఓ అరగంట వచ్చామో లేదో వెనక ఎడమ టైరు టపటపమని కొట్టుకోవడం మొదలైంది. దిగి చూస్తే గాలి మొత్తం పోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ కి ఏటా డబ్బులు కడతాను, కానీ ఫోనే కలవని చోట అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

బండి కొని నాలుగేళ్ళు, అయినా జాకీ ఎక్కడుందో మాకు తెలీదు. బ్యాగులన్నీ రోడ్డు పక్కన దించి, డిక్కీ మ్యాట్ ఎత్తితే స్టెప్నీ కనబడింది, వీల్ స్పానర్ కనబడింది, జాకీ లేదు. చీకటి పడుతోంది, అమ్మ కారులోనే కూర్చుని శివనామం అందుకుంది. పదిహేను నిమిషాలు వెతికాక డిక్కీలో కుడిపక్క ప్లాస్టిక్ మూత వెనకాల దొరికింది, ఎదురుగా ఉన్నా ఆ మూత ఊడొస్తదని ఎప్పుడూ అనుకోలేదు. జాకీ పెట్టి బండి లేపాం, నట్లు తిప్పితే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతోంది. అప్పుడే ఒక లారీ ఆగింది. డ్రైవరన్న దిగి చూసి, "ముందుగాల నట్లు లూజ్ చెయ్యాలె అన్నా, టైరు నేల మీద ఉన్నప్పుడే. లేపినంక ఎట్లొస్తయ్?" అన్నాడు. హ్యాండ్ బ్రేక్ వేయించాడు, ఫస్ట్ గేర్‌లో పెట్టించాడు, ముందు టైరుకి రాయి అడ్డం పెట్టాడు, జాకీ తీయించి, టైరు నేల మీదే ఉంచి మళ్ళీ పెట్టించాడు. మేము జాకీ పెట్టింది తప్పు చోట, కింద రేకు అంచున రెండు చిన్న గాట్లుంటాయి, సరిగ్గా ఆ రెంటి మధ్యే ఆనాలి, లేకపోతే రేకు వంగిపోతది. మట్టిలో దిగబడకుండా తన లారీలోంచి చెక్కముక్క తెచ్చి కింద వేశాడు. నట్లు మాత్రం కదల్లేదు. రెండు నెలల కింద అలైన్‌మెంట్ చేయించిన షాపులో ఎయిర్ గన్‌తో బిగించేశారు, చేత్తో తీసే అవసరం వస్తదని వాళ్ళు అనుకోలేదు. ఆ అన్న స్పానర్ పిడికి ఒక ఇనుప పైపు తొడిగి నొక్కితే కీచుమని ఒక్కొక్కటీ వదిలాయి. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురు నట్లు బిగించమన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, "మీ అమ్మను మంచిగ ఇంటికి తీస్కపో" అని వెళ్ళిపోయాడు. ఆయనకి ఎంత రుణపడ్డామో.

స్టెప్నీలో గాలి 18 ఉంది, ఉండాల్సింది 33. నలభై స్పీడ్ దాటకుండా వచ్చి మన్ననూర్ గేటు దాటేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. హాజీపూర్ చౌరస్తా దగ్గర పంక్చర్ షాపు ఇంకా తెరిచే ఉంది, కుర్రాడు టైరులోంచి మేకు తీసి ప్లగ్ వేసి 150 తీసుకున్నాడు, స్టెప్నీలో గాలి కూడా పట్టాడు, నట్లు ఇంకోసారి చెక్ చేశాడు. ఆ టైమ్‌లో అంత శ్రద్ధగా చేసినందుకు ఇంకో యాభై ఇచ్చాం.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బామ్మర్దీ నేనూ ఒక టైరు తీసి మళ్ళీ బిగించాం. మొదటిసారి నలభై నిమిషాలు, రెండోసారి ఇరవై. మా ఆవిడ కూడా చేసింది, స్పానర్ మీద కాలు పెట్టి బరువు మోపితే తనకీ నట్టు వదిలింది. బండి మాన్యువల్‌లో జాకీ ఎక్కడుంటదో బొమ్మ వేసి మరీ ఉంది. మా స్టెప్నీ మిగతా టైర్ల కన్నా చిన్న సైజు, దాని మీద 80 దాటొద్దని స్టిక్కర్ ఉంది, అదీ ఆ రోజే చూశాం.

కొత్తగా బండి కొనేవాళ్ళు ఒకటి అడిగి తీసుకోండి. 2020లో కేంద్రం రూల్ మార్చింది, ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ చూపించే సిస్టమ్, రిపేర్ కిట్ ఉంటే కంపెనీ స్టెప్నీ ఇవ్వకపోయినా చెల్లుతది. అలాంటి బండిలో డిక్కీ మ్యాట్ ఎత్తితే ఒక జిగురు సీసా, చిన్న పంపు ఉంటాయి అంతే. టైరు పక్క భాగం (సైడ్ వాల్) చిరిగితే ఆ జిగురు పనిచెయ్యదు, నల్లమల లాంటి దారుల్లో తిరిగేవాళ్ళు స్టెప్నీ ఉన్న బండే చూసుకోవాలని నేనంటాను.

ఇప్పుడు మా డిక్కీలో ప్లస్ స్పానర్, రెండడుగుల పైపు, చెక్కముక్క, తలకి పెట్టుకునే లైటు, పాత గ్లౌజులు ఒక సంచిలో ఉంటాయి, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర ట్రయాంగిల్ పైనే చేతికందేలా పెట్టాం. బంకులో గాలి పట్టించినప్పుడల్లా "స్టెప్నీ కూడా చూడు తమ్ముడూ" అని అడుగుతున్నా. కార్తీకంలో మళ్ళీ వెళ్ళాలని అమ్మ అప్పుడే అంటోంది, ఈసారి తిరుగు ప్రయాణం మాత్రం పొద్దున పెట్టుకుంటాం.