ఆల్-ఇన్-వన్ ట్రావెల్ అడాప్టర్: స్నేహితుల ఇంటి గోడకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒక మీట జరిపితే అమెరికా పిన్నులు, ఇంకోటి జరిపితే ఇంగ్లండువి, మూడోదానికి యూరపువి బయటికొస్తాయి. పిడికెడంత పెట్టె, పక్కన మూడు నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు, అట్ట మీద నూటయాభై దేశాల్లో పనిచేస్తుందనే హామీ. వేసవి సెలవులకు విదేశంలోని స్నేహితుల దగ్గరికి బయల్దేరేవాళ్లు టికెట్టు తర్వాత కొనే వస్తువుల్లో ఇదొకటి. చెడ్డ వస్తువేం కాదు. కాకపోతే దీన్ని తయారుచేసింది రెండు రాత్రుల హోటలు గది కోసం. మనుషులు కాపురముంటున్న ఇంట్లో మూడు వారాలు ఉండాల్సివస్తే లెక్క మారుతుంది. ఫలానా కంపెనీది అని కాకుండా, ఈ తరహా అడాప్టర్లు ఎక్కడ నిలబడతాయో, ఎక్కడ జారిపోతాయో (నిజంగానే జారిపోతాయి) చూద్దాం.

ఇది పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే గానీ కరెంటు జోలికి పోదు. గోడలో 230 వోల్టులుంటే మీ వస్తువులోకి 230, 120 ఉంటే 120 వెళ్తాయి. చార్జర్ మీద సన్నటి అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఫోను, లాప్‌టాప్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఈ బాపతే. చిక్కంతా వేడి పుట్టించేవాటితో, మోటారు తిరిగేవాటితో. 230 వోల్టులకు చేసిన 2000 వాట్ల హెయిర్ డ్రయర్‌ను 120 వోల్టుల ఇంట్లో పెడితే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు దగ్గరగా పడిపోతుంది. వోల్టేజీతో పాటు లోపల పారే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి 540 వాట్ల చిల్లర మిగులుతుంది, గోరువెచ్చని గాలి వస్తుంది. తిరగేసి, 120 వోల్టుల 1200 వాట్ల డ్రయర్‌ను 230లో పెడితే నాలుగువేల వాట్లు దాటి లాగబోతుంది. ఫ్యూజు ఆపకపోతే తీగ కాలిపోతుంది. ప్రయాణాల కోసం అమ్మే కొన్ని డ్రయర్లకు 125/250 అని చిన్న మీట ఉంటుంది, నాణెంతో తిప్పేది. అది 125 దగ్గర ఉండిపోయిన సంగతి మరిచి 230లో పెట్టడం తరచూ జరిగే పొరపాటు. స్నేహితులకు మిక్సీ బహుమతిగా పట్టుకెళ్లాలనుకునేవాళ్లు కూడా అడుగున ఉన్న రేటింగు చూసుకోవాలి. 230 వోల్టుల మోటారును 120 వోల్టుల ఇంట్లో ఈ అడాప్టర్ తిప్పలేదు.

ఆకారం ఒకటైతే వోల్టేజీ కూడా ఒకటే అనుకోవద్దు. రెండు చదును పిన్నుల ఏ-రకం సాకెట్లు అమెరికాలో ఉన్నాయి, జపాన్‌లో ఉన్నాయి, ఫిలిప్పీన్స్‌లో ఉన్నాయి. మొదటిదానిలో 120 వోల్టులు, రెండోదానిలో 100, మూడోదానిలో 220-230. బ్రెజిల్‌లోనైతే ఊరిని బట్టి 127 గానీ 220 గానీ ఉంటుంది. అక్కడికి వెళ్తుంటే "మీ ఊళ్లో ఎంత?" అని స్నేహితుణ్ణే అడగాలి.

ఇక అసలు పరీక్ష, గోడలో పట్టు. అన్ని దేశాల్లోకీ ఈ పెట్టె ఇమిడిపోయేది ఇంగ్లండు తరహా జి-రకం సాకెట్లో. పిన్నులు లావు, దూరం దూరంగా ఉంటాయి, కాబట్టి బరువును మోస్తాయి. ఐర్లండ్, సింగపూర్, మలేసియా, హాంకాంగ్, దుబాయిలో కూడా ఇదే. పైన ఉండే పొడవాటి పిన్ను చాలా అడాప్టర్లలో వట్టి ప్లాస్టిక్. ఆ సాకెట్లలో కింది రంధ్రాలకు లోపలి నుంచి మూతలుంటాయి. పై పిన్ను వెళ్తేనే అవి తెరుచుకుంటాయి, అందుకోసం పెట్టిన తాళంచెవి అన్నమాట. లోహపు పిన్ను కాదు కాబట్టి ఎర్త్ అందదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

అమెరికాలో కథ వేరు. చదును పిన్నులు పలచన, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇల్లు కాస్త పాతదైతే సాకెట్ లోపలి రేకులు సడలి ఉంటాయి. వందన్నర, రెండొందల గ్రాముల పెట్టెను, దానికి వేలాడే లాప్‌టాప్ చార్జర్‌ను అవి పట్టి ఉంచలేవు. పైభాగం గోడను వదిలి ముందుకు వాలుతుంది, పిన్నులు సగం బయటికొస్తాయి, చార్జింగ్ వచ్చిపోతూ ఉంటుంది. సగం బయటపడ్డ పిన్నుల్లో కరెంటు ఉంటుందని మరిచిపోవద్దు. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇది మామూలు విషయం కాదు. పైగా అక్కడ ఒక పలక మీద రెండు సాకెట్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైదాంట్లో ఈ పెట్టె పెడితే కిందిది మూసుకుపోవచ్చు. అతిథి ఒక్కడే రెండు సాకెట్లు కాజేసినట్టు!

యూరపులో తేడా కొట్టేది సాకెట్ గుంత. జర్మనీ, స్పెయిన్, నెదర్లాండ్స్‌లో ఎఫ్-రకం, ఫ్రాన్స్, పోలండ్‌లో ఇ-రకం. రెండింటిలోనూ రంధ్రాలు గుండ్రటి గుంత అడుగున ఉంటాయి. ఆ గుంత అడ్డం 4 సెంటీమీటర్ల వరకు, అడాప్టరేమో అంతకంటే వెడల్పు నలుచదరం. పిన్నులు నిలబడ్డ భాగం కొంచెం ముందుకు పొడుచుకొచ్చి గుంతలో దిగేలా చేసిన మోడళ్లు ఉన్నాయి, అవి బాగానే కూర్చుంటాయి. ముఖం చదునుగా ఉన్నవి అంచు దగ్గరే ఆగిపోతాయి. పిన్నుల కొసలు మాత్రమే లోపలి రేకులను తాకుతాయి. తాకే చోటు తగ్గేకొద్దీ అక్కడ వేడి పెరుగుతుంది, ఒక్కోసారి చిటపటమంటుంది. కొనేముందు యూరపు పిన్నులను బయటికి లాగి పక్కనుంచి చూడండి. వాటి కింద మెట్టులాంటిది లేకపోతే ఆ అడాప్టర్ యూరపుకు వద్దు. స్విట్జర్లాండ్‌లో గుంత ఇంకా ఇరుకు, ఆరు పలకల ఆకారం. అక్కడ పలచటి రెండు పిన్నుల యూరోప్లగ్గే సుఖం.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌కు ఆ అమెరికా పిన్నులనే ఏటవాలుగా తిప్పి వాడుకోమంటారు. తిప్పే కీలు నాసిరకమైతే సాకెట్లోకి నెట్టేటప్పుడు పిన్నులు మెలికపడతాయి. దక్షిణాఫ్రికాలో చాలా ఇళ్లల్లో ఉండే లావు గుండ్రటి పిన్నుల ఎమ్-రకానికి ఈ పెట్టెల్లో చోటే ఉండదు. దానికి విడిగా కొనాల్సిందే.

ఎర్త్ విషయం. చౌకరకం ఆల్-ఇన్-వన్‌లలో మూడో పిన్ను దారి అడాప్టర్‌తోనే ఆగిపోతుంది. ఫోన్ చార్జర్ లాంటివాటి మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటుంది. వాటికి ఎర్త్ అక్కర్లేదు. మూడు పిన్నుల చార్జరున్న లోహపు లాప్‌టాప్‌ను ఎర్త్ లేకుండా వాడితే మణికట్టుకు సన్నగా జివ్వుమని తగులుతుంది. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే అతి కొద్ది కరెంటు అది. సాధారణంగా ప్రమాదం కాదు గానీ చిరాకు. ఇస్త్రీపెట్టె, కెటిల్ లాంటి లోహపు ఒళ్లున్న వేడి వస్తువులను మాత్రం ఎర్త్ లేని అడాప్టర్‌తో వాడకూడదు. లోపల తీగ తెగి ఆ లోహపు ఒంటికి తగిలితే కరెంటు పోవడానికి ఎర్త్ ఉండదు, ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. అయినా స్నేహితుల ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండనే ఉంటుంది కదా.

అట్ట మీద రాసే వాట్ల సంఖ్యను కూడా చూసి చదవాలి. "2500 వాట్లు" అన్నది 250 వోల్టుల దగ్గరి మాట. లోపలి ఫ్యూజు 10 ఆంపియర్లదైతే 120 వోల్టుల ఇంట్లో మోయగలిగేది 1200 వాట్లే, జపాన్‌లో 1000. ఫ్యూజు 6.3 ఆంపియర్లదైతే అమెరికాలో 750 దగ్గరే ఆగాలి. ఫ్యూజు మార్చుకునే వీలున్నదే కొనండి. 5 × 20 మిల్లీమీటర్ల చిన్న గొట్టం ఫ్యూజు, పక్కనే అరలో ఇంకోటి అదనంగా ఇస్తారు. మార్చేముందు అడాప్టర్‌ను గోడ నుంచి పూర్తిగా ఊడబెరకాలి. అంతే ఆంపియర్లది వేయాలి.

యూఎస్‌బీ వైపు మాత్రం ఈ తరం అడాప్టర్లు నిజంగా మెరుగయ్యాయి. 65 వాట్ల యూఎస్‌బీ-సి పోర్టు (సి-పోర్టు) ఉన్నదైతే సి-పోర్టుతో చార్జయ్యే చాలా లాప్‌టాప్‌లకు వేరే చార్జరే అక్కర్లేదు. అయితే ఆ 65 ఒక్కటే పెట్టినప్పుడు. రెండో వైరు గుచ్చగానే 45, 20గా పంచుకునేవి ఎక్కువ. ఆ పంపకం మారేటప్పుడు అన్నీ ఒకటి రెండు క్షణాలు ఆగి మళ్లీ అందుకుంటాయి. అది చెడిపోవడం కాదు. రాత్రంతా లాప్‌టాప్, రెండు ఫోన్లు, వాచీ కలిపి పెడితే పెట్టె వేడెక్కుతుంది. వేడి దాటితే వాట్లు తానే తగ్గించుకుంటుంది. పరుపు పక్కన, దిండు కింద పెట్టొద్దని చెప్పేది అందుకే.

అసలు స్నేహితుల ఇంటికి వెళ్తున్నవాళ్లకు ఇంతకంటే మంచి దారి ఒకటుంది, దాన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. లాప్‌టాప్ చార్జర్‌లో ఇటుకలాంటి దిమ్మకు గోడ వైపు నుంచి గుచ్చే వైరు ఊడివస్తుంది. ఆ చివర ఎనిమిది అంకె ఆకారంలో ఉంటే సి7, మూడాకుల ఆకారంలో ఉంటే సి5. ఈ రెండూ అంతర్జాతీయ కొలతలే. మీ స్నేహితుడి పాత లాప్‌టాప్‌దో, ప్రింటర్‌దో అలాంటి వైరు ఏదో ఒక సొరుగులో పడి ఉంటుంది. మీ చార్జర్ చివర ఫొటో తీసి ముందే పంపండి. ఆ వైరు దొరికితే అడాప్టరే అక్కర్లేదు. ప్లగ్గు గోడలో బిగువుగా కూర్చుంటుంది, మూడు పిన్నులదైతే ఎర్త్ కూడా వస్తుంది. నిద్రలో ఊపిరికి సీపాప్ యంత్రం వాడే పెద్దవాళ్లతో వెళ్తుంటే దీన్ని తప్పనిసరిగా చూసుకోవాలి. అర్ధరాత్రి వాలిపోయే అడాప్టర్‌కు ఆ యంత్రాన్ని అప్పగించకూడదు.

ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లి, దానికొక అడాప్టర్ తగిలించి అందరి చార్జర్లూ అందులో పెట్టడం మంచి ఉపాయమే. బోర్డు నేల మీద ఉంటుంది కాబట్టి గోడ మీద బరువు పడదు. 230 వోల్టుల బోర్డును 120లో వాడితే ఇబ్బంది లేదు. తిరుగు ప్రయాణంలో అమెరికా నుంచి సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే వస్తువులను కాపాడేది) ఉన్న బోర్డు తెచ్చి 230లో పెట్టడమే పెద్ద తప్పు. 120 వోల్టులకు తగ్గట్టు పెట్టిన రక్షణ భాగాలు ఆ వోల్టేజీని ప్రమాదంగా భావించి కరెంటు లాగేసి కాలిపోతాయి.

అడాప్టర్ చెడిపోయిందని పారేసేముందు ఇంటిని అనుమానించండి. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో సాకెట్ పక్కన స్విచ్చు ఉంటుంది. అమెరికాలో మామూలుగా ఉండదు, కానీ కొన్ని గదుల్లో ఒక సాకెట్ తలుపు దగ్గరి లైటు స్విచ్చుతో కలిసి ఉంటుంది. లైటు ఆర్పి పడుకుంటే ఫోను కూడా ఆగిపోతుంది, తెల్లారి లేచి అడాప్టర్‌ను తిడతారు. అక్కడి స్నానాల గదిలో సాకెట్ పనిచేయకపోతే దాని మీదే ఉన్న రీసెట్ బొత్తాం నొక్కండి. ఇంగ్లండులో స్నానాల గదిలో కనిపించేది షేవర్లకు మాత్రమే, డ్రయర్ అక్కడ కుదరదు.

కొనేటప్పుడు ఏదో ఒక దేశం పిన్నులు బయటికి తీసి బల్లకేసి నొక్కి చూడండి. లోపలికి జారితే తాళం బలహీనం, వదిలేయండి. ఒక దేశం పిన్నులు బయట ఉన్నప్పుడు ఇంకో దేశానివి బయటికి రాకూడదు. బీఎస్ 8546 అని రాసి ఉంటే అది ట్రావెల్ అడాప్టర్ల కోసమే రాసిన బ్రిటిష్ ప్రమాణం. సీఈ ముద్ర తయారీదారే వేసుకునేది, దానికి ఎక్కువ మార్కులు వేయనక్కర్లేదు.

దారిలో రెండు మూడు దేశాల్లో ఆగుతూ వెళ్లేవాళ్లకు 65 వాట్ల ఆల్-ఇన్-వన్ కొనదగ్గదే. ఒకే దేశం, ఒకే ఇల్లు అయితే ఆ దేశానికి మాత్రమే చేసిన, ఎర్త్ ఉన్న చిన్న అడాప్టర్లు రెండు తీసుకోండి. తేలిక, బిగువు, చౌక. ఒకటి చేతిసంచిలో, ఇంకోటి పెట్టెలో. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.