పంపు మంచిదే, తిట్లు తిన్నదీ అదే

ఇరవై ఏళ్ళు దాటిన నా బండికి రీకండిషన్ చేసిన పవర్ స్టీరింగ్ పంపు వేసి రెండున్నరేళ్ళయింది. ఆయిల్‌ని ఒత్తిడితో తోసి స్టీరింగ్‌ని తేలిక చేసేది ఈ పంపే. పని నేనే చేసుకున్నాను. పంపు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా కోపమంతా దాని ఆయిల్ ట్యాంకు నుంచి పంపు లోపలికి ఆయిల్ వచ్చే మూతి దగ్గర కూర్చునే ఓ-రింగ్ మీద. వేలి ఉంగరమంత లేని ఆ రబ్బరు ముక్క నా మూడు ఆదివారాలు మింగేసింది.

పాత పంపు షాఫ్ట్ (తిరిగే ఇరుసు) సీలు దగ్గర కారుతుంటే దీన్ని తెచ్చాను. బిగించి, ఆయిల్ పోసి స్టార్ట్ చేశానో లేదో, ఒకటే మూలుగు. స్టీరింగ్ తిప్పితే ఇంకా పెద్దదవుతుంది. నెమ్మదిగా మలుపు తీసుకుంటుంటే స్టీరింగ్ ఒక క్షణం తేలికగా, మరుక్షణం రాయిలా ఉంటుంది. బెల్టు అనుకోవడానికి లేదు, అది జారితే కీచుమని అరుస్తుంది. ఇది గేదె మూలిగినట్టుంది. మూత తీసి టార్చి వేశాను. ఎర్రగా, అద్దంలా ఉండాల్సిన ఆయిల్ మజ్జిగ చిలికినట్టు పాలిపోయి, పైన నురగ కట్టి ఉంది. ఇంజను ఆపగానే మట్టం దానంతటదే పైకి లేచి, దాదాపు ట్యాంకు అంచు తాకింది.

లోపల గాలి ఉందని అక్కడే తేలిపోయింది. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. ఒత్తిడి పోగానే ఆ గాలి ఉబ్బి ఆయిల్‌ని ట్యాంకులోకి నెట్టేస్తుంది.

సరే, గాలి తీయడం నాకు తెలిసిన పనే. ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. ఇంజను ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ఓ ఇరవై సార్లు మెల్లగా తిప్పాను. మట్టం పడిపోయినప్పుడల్లా ఆయిల్ పోశాను. రాత్రంతా వదిలేస్తే బుడగలు తేలిపోయాయి. పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడే లేదు. ఆ ఆనందంలో తెలిసినవాళ్ళందరికీ పంపు బ్రహ్మాండం అని చెప్పేశాను. రెండు రోజులు తిరిగానో లేదో, మళ్ళీ గేదె, మళ్ళీ మజ్జిగ.

రెండో ఆదివారం కూడా ఇదే తంతు. ట్యాంకు అడుగున ఉండే జల్లెడ మూసుకుపోయినా ఇలాగే మూలుగుతుంది కాబట్టి దాన్నీ కడిగాను. లాభం లేదు. ఇక పంపే చెత్త అని తీర్మానించుకుని, అమ్మినవాళ్ళకి ఘాటుగా ఓ ఉత్తరం కూడా రాసిపెట్టాను. పంపలేదు, ఆ పుణ్యం దక్కింది. కారడం అసలు లేదు కదా, బండి కింద పరిచిన అట్ట మీద ఒక్క చుక్క కూడా లేదు, మరి గాలి ఎక్కడి నుంచి దూరుతుంది అన్నది నా వాదన.

ఆ వాదనలోనే తప్పుంది. పంపు నుంచి స్టీరింగ్‌కి వెళ్ళే హోస్‌లో, అంటే గొట్టంలో, ఒత్తిడి ఎక్కువ. అక్కడ సందుంటే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. ట్యాంకు నుంచి వచ్చే వైపు అలా కాదు, పంపు పీల్చుకుంటూ ఉంటుంది. అక్కడ సందుంటే ఆయిల్ బయటికి రాకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. మూడో ఆదివారం బెల్టుకి దూరంగా చెయ్యి పెట్టి, ఇంజను నడుస్తుండగానే ఆ మూతి చుట్టూ గ్రీజు పులిమాను. మూలుగు తగ్గింది! కాసేపటికి గ్రీజు లోపలికి లాగేసుకుంది, మూలుగు మళ్ళీ మొదలు.

విప్పి చూస్తే పాత పంపు నుంచి తీసి నేనే పెట్టిన ఓ-రింగ్. పంపుతో పాటు వచ్చిన సీళ్ళలో ఆ సైజుది లేదు. తొందరలో, ఇదొక్కటి పాతదైతే ఏమవుతుందిలే అనుకున్నాను. తీగలా గుండ్రంగా ఉండాల్సింది రిబ్బనులా పలకబారి పోయింది. గోరుతో నొక్కితే దిగలేదు. నేల మీద పడేస్తే గుండీ పడ్డట్టు టక్కుమంది. కొత్తది వేసి, హోస్ క్లాంపు కూడా మార్చి, మళ్ళీ గాలి తీశాను. అంతే, ఆ తర్వాత నురగ కనిపించలేదు.

ఇందులో ఇంకో తెలివితక్కువ పని కూడా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఇంజను వణికి ఆగిపోబోయేది. పంపు మీద భారం పడిందని ఇంజనుకి చెప్పి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగం) పెంచే ప్రెషర్ స్విచ్ ఉంటుంది, దాని కనెక్టరు తగిలించడం మరిచిపోయాను. దానికీ పంపునే తిట్టాను.

ఇప్పటి సంగతి. బ్రహ్మాండం అన్నాను కదా, ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. చలి పొద్దుల్లో మొదటి రెండు నిమిషాలు సన్నగా గొణుగుతుంది. ట్రాఫిక్‌లో గంటసేపు కాగాక, నిలబెట్టిన చోటే చక్రాలు తిప్పితే మునుపటంత తేలికగా లేదు. అది పంపు తప్పో, ఈ వయసులో చక్రాలను తిప్పే స్టీరింగ్ రాక్ తప్పో చెప్పలేను. స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకునే అలవాటు మాత్రం మానేశాను. అక్కడ పంపు పూర్తి ఒత్తిడితో కొట్టుకుంటుంది, ఆయిల్ కాగిపోతుంది.

మళ్ళీ కొంటానా అంటే, నా లెక్కన కొంటాను. నేను వారానికి రెండు మూడు సార్లే బండి తీస్తాను, చెడితే విప్పే ఓపిక ఉంది. రోజంతా బండి మీదే బతికేవాళ్ళు కొత్త పంపుకే వెళ్ళడం మంచిదేమో. ఏది కొన్నా ఆ సైజు ఓ-రింగ్ పెట్టెలో ఉందో లేదో చూసుకున్నాకే పాతది విప్పండి. మొన్న షాఫ్ట్ దగ్గర వేలు పెడితే కాస్త తడి తగిలింది. తుడిచి, తేదీ రాసి పెట్టుకున్నాను.