గోడ పక్కన నంబరు నమ్మొద్దు: నా మెటల్ డిటెక్టర్, దాని పిన్‌పాయింట్ బటన్

ఈ మెటల్ డిటెక్టర్‌కి పిన్‌పాయింట్ బటనే (పాతిన లోహం సరిగ్గా ఎక్కడుందో పట్టిచ్చేది) లేకపోతే ఈపాటికి గరాజ్ సేల్‌లో పెట్టేసేవాణ్ణి. బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎన్ని కిలోహెర్ట్జ్, నీళ్లలో ముంచొచ్చా లాంటివన్నీ ప్రతి వీడియోలోనూ ఉంటాయి, వాటి జోలికి పోను. బ్రాండు పేరు కూడా రాయడం లేదు. మూడు వందల డాలర్ల లోపు దొరికే ఏ మామూలు వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే) మెషీన్‌కైనా ఈ మాటలు ఇంచుమించు సరిపోతాయి.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఇల్లు 1950లలో కట్టింది. వెనక గోడకి ఆనుకుని పాత చెక్క డెక్ (అరుగు లాంటిది) ఉండేది, పుచ్చిపోతే పీకించేశాం. నేల బయటపడేసరికి చేతులు ఊరుకోక డిటెక్టర్ తిప్పాను. మేకులు, బోల్టులు, సోడా డబ్బాల మూత రింగులు, అన్నీ అనుకున్నవే. గోడకి నాలుగడుగుల దూరం వచ్చేసరికి ఒక్కసారిగా మోత అందుకుంది. కింద ఏ లోహముందో అంచనాగా చెప్పే టార్గెట్ నంబరు స్క్రీన్ మీద 88, 91, మళ్లీ 89. నా మెషీన్‌లో వెండి క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) పలికే చోటది (1964 వరకు కొట్టిన క్వార్టర్లలో తొంభై శాతం వెండి, ఇక్కడి డిటెక్టర్ బాబులందరి కలా అదే). లోతు నాలుగంగుళాలని చూపిస్తోంది.

మనవల్ని చూడ్డానికి వచ్చిన నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. "లంకెబిందెలేమోరా, నెమ్మదిగా తవ్వు" అని నవ్వారు. నవ్వుతూనే పార ఎక్కడుందా అని గరాజ్ వైపు ఓ చూపు కూడా వేశారు.

పార తియ్యలేదు. కాయిల్‌ని (కొసన నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) కాస్త పైకెత్తి ఊపాను. నాణెమైతే జానెడు ఎత్తేసరికి గొంతు సన్నబడిపోవాలి. ఇది మోకాలి ఎత్తులో కూడా అదే జోరు. ఇంకో తేడా కూడా ఉంది. నడుమ భాగంలో మోత తేటగా, పైస్థాయిలో ఉంటోంది. అంచుల దగ్గరికొస్తే ఇనుముకి వచ్చే గుర్రుమనే శబ్దం కలుస్తోంది. చిన్న ఇనప మేకుని ఈ మెషీన్ చక్కగా ఇనుమనే చెబుతుంది. అదే ఇనుము పెద్ద రేకుగా ఉంటే దాని ఉపరితలంలో పుట్టే ఎడ్డీ కరెంట్లు (సుడి తిరిగే విద్యుత్తు) బలంగా ఉండి, తిరిగొచ్చే సిగ్నల్ ఫేజు (పంపినదానికి ఎంత వెనకబడి వచ్చిందనేది) వెండి, రాగి ఇచ్చేదానికి దగ్గరగా వస్తుంది. మెషీన్ చూసేది ఆ ఫేజునే, లోహాన్ని కాదు. ఇనుము వద్దని డిస్క్రిమినేషన్ (వద్దన్న లోహాలకి మోగకుండా ఆపే సెట్టింగ్) పెట్టినా పెద్ద రేకు దర్జాగా దాటుకుని వచ్చేస్తుంది. లోతు సంగతీ అంతే. ఆ అంగుళాల లెక్క కింద ఉన్నది నాణెం సైజు వస్తువనుకుని వేసేది. వస్తువు పెద్దదైతే లోతు తక్కువ చూపిస్తుంది.

టార్గెట్ నంబరు గురించి కొన్న కొత్తలో తెలిసిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. పార్కులో, బీచ్‌లో ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఇంటి గోడకి పదడుగుల లోపు మాత్రం ఆ నంబరుని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాను.

ఇక అసలు ముచ్చటకి వస్తాను. మామూలు మోడ్‌లో కాయిల్ కదులుతూ ఉంటేనే శబ్దం వస్తుంది. పిన్‌పాయింట్ నొక్కిపట్టుకుంటే కదపక్కర్లేదు, కింద లోహం ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. అందరూ దీన్ని నాణెం సరిగ్గా ఎక్కడుందో పట్టుకోవడానికి వాడతారు. నేను వస్తువు ఆకారం గియ్యడానికి వాడాను. ముందు ఏసీ యూనిట్ ఆపేశాను, అది నడుస్తుంటే మెషీన్ ఊరికే చిటపటలాడుతుంది. సెన్సిటివిటీ రెండు గీతలు తగ్గించాను. అల్యూమినియం వాన గొట్టానికి, గ్యాస్ మీటరుకి ఎడంగా ఉండి, ఏమీ లేని నేల మీద బటన్ నొక్కి, కాయిల్‌ని ఒకే ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా నడిచాను. మోత ఎక్కడ మొదలైతే అక్కడ "ఆ" అంటాను, నాన్న అక్కడ చిటికెడు ముగ్గు వేస్తారు. ఎక్కడ ఆగితే అక్కడ ఇంకో చిటికెడు. కాసేపు పట్టుకుని ఉంటే ట్యూనింగ్ జారిపోతుంది, కాబట్టి ప్రతి గీతకీ బటన్ వదిలి కొత్తగా నొక్కాలి. ఈ సంగతి నాకు మాన్యువల్‌లో ఎక్కడా కనిపించలేదు. నిలువుగా అయ్యాక అడ్డంగా కూడా నడిచాం.

అంతా అయ్యాక చూస్తే పచ్చిక మీద ముగ్గు చుక్కలు ఇంటి గోడకి సమాంతరంగా దీర్ఘచతురస్రంగా తేలాయి. పొడవు ఆరడుగుల పైచిలుకు, వెడల్పు నాలుగడుగుల పైచిలుకు. కాయిల్ సైజు కూడా కలుస్తుంది గనక అసలు కంటే కాస్త పెద్దగానే వస్తుంది. ఆ కొలతలు చూడగానే నా గుండె జారింది. 550 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్ ట్యాంకు నాలుగడుగుల వ్యాసం, ఆరడుగుల పొడవు ఉంటుంది. న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నవాళ్లకి ఆ కొలతలు కంఠతా వచ్చేస్తాయి. గ్యాస్ రాకముందు ఇక్కడ చాలా ఇళ్లు ఆయిల్‌తో వెచ్చబెట్టుకునేవి, ట్యాంకు పెరట్లో పాతిపెట్టేవారు. గ్యాస్ వచ్చాక కొందరు దాన్ని అక్కడే వదిలేశారు. అది తుప్పుపట్టి కారితే మట్టి శుభ్రం చేయించే ఖర్చు ఇంటాయనదే, చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ముట్టుకోవు. ఇల్లు కొన్నప్పుడు మేం ట్యాంక్ స్వీప్ (పాతిన ట్యాంకు ఉందేమోనని చేసే తనిఖీ) చేయించాం. డెక్ కింద చూడలేకపోయామని రిపోర్టులో చిన్నక్షరాల్లో ఉంది.

నాకింకా కొంచెం ఆశ, పాత కాంక్రీటు పలకేదో, దాంట్లో ఇనప జాలీ అయ్యుంటుందని. ఆ ఆశని కూల్చింది నాన్నే. బేస్‌మెంట్‌లో బట్టలుతికే మెషీన్ వెనక గోడలోంచి రెండు రాగి గొట్టాలు పొడుచుకుని వచ్చి ఉంటాయి. పెన్సిల్ లావు, కొసలు పటకారుతో నొక్కి మడిచేసినవి. ఈ ఇంట్లో దిగినప్పట్నుంచీ వాటిని నీళ్ల గొట్టాలనే అనుకుంటున్నాం. నాన్న కళ్లజోడు సర్దుకుని, వంగి చూసి, ఒకదాని కొసని గోటితో గీకి వాసన చూశారు.

"ఇవి నీళ్లవి కాదురా. మన చేలో ఆయిల్ ఇంజనుకి డీజిలు వచ్చే గొట్టం ఇట్టాగే ఉండేది. ఒకటి పోను, ఒకటి రాను."

గొట్టాలు గోడ దాటితే సరిగ్గా ముగ్గు చుక్కల వైపే వెళ్తున్నాయి.

ఆ తర్వాతి పనిలో డిటెక్టర్‌కి పాత్ర లేదు. తవ్వేముందు 811కి (నేల కింది లైన్లు గుర్తుపెట్టించే నంబరు) ఫోన్ చేస్తే కరెంటు తీగలకి ఎర్ర రంగు, గ్యాస్‌కి పసుపు గీసి వెళ్తారు, మన చేతి నుంచి పైసా పడదు. మా పసుపు గీత ముగ్గుకి రెండడుగుల దూరంలో పోయింది. పార తియ్యనందుకు ఎంత హాయిగా అనిపించిందో! వాళ్లు గీసేది కంపెనీల లైన్లు మాత్రమే. మీటరు దాటాక మన సొంతంగా వేసుకున్న పైపులు గీయరు, పాత ట్యాంకు అసలు వాళ్ల లెక్కలోకే రాదు. టౌన్‌షిప్‌లో ట్యాంకు కాగితాలేమైనా ఉన్నాయా అని ఓప్రా చట్టం (న్యూజెర్సీ సమాచార హక్కు చట్టం) కింద అడిగాం, ఏమీ లేవన్నారు. లైసెన్సున్న కాంట్రాక్టరు వచ్చి సన్నటి ఇనప చువ్వ దింపితే రెండడుగుల్లోపే టంగుమంది. మెషీన్ చెప్పిన నాలుగంగుళాలెక్కడ, ఈ రెండడుగులెక్కడ!

పర్మిట్ వచ్చాక చిన్న ప్రొక్లెయినుతో మట్టి తీసి, పైరేకు కోసి చూస్తే లోపల ఆయిల్ లేదు. నిండా ఇసుక. ఎవరో ఎప్పుడో ఆయిల్ తోడించి, ఇసుక పోసి, పద్ధతిగానే మూయించారు, కాగితం మాత్రం దాచలేదు. పైకి లాగితే అడుగున చిల్లులున్నాయి, అక్కడి ఇసుక తడిగా, డీజిలు కంపుతో ఉంది. మట్టి శాంపిళ్లు ల్యాబుకి పోయాయి, విషయం రాష్ట్ర పర్యావరణ శాఖకీ చేరింది. పని పూర్తయిందని వాళ్లిచ్చే ఉత్తరం ఇంకా రావాలి. ఆ ఖర్చు సంగతి ఇక్కడ రాసి నా బీపీ పెంచుకోను.

డిటెక్టర్ తేల్చలేనివి కూడా చెప్పాలిగా. ట్యాంకు నిండుగా ఉందో, ఖాళీగా ఉందో, ఇసుకే ఉందో దానికి తెలియదు. పైన రెండు మూడు మేకులుంటే ఆకారం చెదిరిపోతుంది, మేం ముందు మేకులన్నీ ఏరాం గనక సరిపోయింది. గోడకి అడుగున్నర లోపు పునాదిలోని ఇనుము దేన్నీ విననివ్వదు. చిన్న బంగారం విషయంలో దీనికి చెవుడనే అనాలి. మా ఆవిడ చెవి దిద్దు పచ్చికలో పడిపోయిందనే ఈ మెషీన్ కొన్నది. సన్నటి బంగారం, చాక్లెట్ కాగితం దీనికి ఒకే నంబరులో పలుకుతాయి. ఆ దిద్దు ఇప్పటికీ దొరకలేదు, ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

కొనొచ్చా అంటే, మీ ఇల్లు ఎక్కడ, ఎప్పటిదనేదాన్ని బట్టి చెప్పాలి. 1990ల తర్వాత గ్యాస్‌తోనే కట్టిన కాలనీల్లో ఉన్నవాళ్లకి ఇది పిల్లలతో బీచ్‌లో కాలక్షేపం, అంతే. పాత ఇల్లు కొనబోతున్నవాళ్లు దీన్ని నమ్ముకుని స్వీప్ ఎగ్గొట్టకండి. మీరు గీసిన ముగ్గుని బ్యాంకూ లాయరూ ఒప్పుకోరు. పాత ఇంట్లో ఇప్పటికే ఉండి, డెక్కో షెడ్డో తీయిస్తున్నవాళ్లయితే, ఆ నేల మళ్లీ మూసేలోపు ఎవరి దగ్గరైనా ఒక వారాంతానికి అరువు తెచ్చుకుని తిప్పండి. కొనితీరాలనుకుంటే మాత్రం షాపులో నంబర్లు ఎంత చక్కగా చూపిస్తోందో చూడకండి, పిన్‌పాయింట్ నొక్కిపట్టి నిమిషం పాటు జారకుండా నిలబడుతోందో లేదో చూడండి. నాది అర నిమిషానికే జారుతుంది. తర్వాతిది కొంటే అదొక్కటి చూసే కొంటాను, ఈ ట్యాంకు బిల్లు తీరాక.