స్పానిష్‌లోనే బీఏనా, వేరే డిగ్రీ చేస్తూ స్పానిషా: ఏది మేలు?

ఇంటర్ అయ్యాక తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో బీఏ ఆనర్స్ స్పానిష్‌కి దరఖాస్తు పెడతానని అమ్మాయి అంటుంది. "ముందు బీకామో బీటెకో చెయ్యి, భాషదేముంది, సాయంత్రాలు నేర్చుకోవచ్చు" అని ఇంట్లో అంటారు. ఇలాంటి వాదనల్లో పిల్లలదే న్యాయమని తేల్చేయడం ఈమధ్య అలవాటైపోయింది. ఈ విషయంలో మాత్రం ఇంట్లోవాళ్ల మాటలో సగానికి పైనే నిజం ఉంది. మిగతాది ఏమిటో చూసుకోకుండా సీటు తీసుకున్నా, వదులుకున్నా తర్వాత బాధే.

ముందు భాష సంగతి. స్పానిష్ త్వరగా పట్టుబడే భాష. అమెరికా విదేశాంగ శాఖకు తన దౌత్య సిబ్బందికి భాషలు నేర్పే సంస్థ ఒకటుంది. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లకు ఉద్యోగానికి సరిపడా స్పానిష్ రావాలంటే సుమారు 30 వారాల పూర్తికాలపు శిక్షణ కావాలని దాని లెక్క. జపనీస్‌కి అదే లెక్క 88 వారాలు. తెలుగువాళ్లకు ఇంకొన్ని సదుపాయాలున్నాయి. అచ్చులు ఐదే. రాసినదాన్ని చూసి ఎలా పలకాలో చెప్పేయొచ్చు. క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది కాబట్టి మనలాగే వాళ్లూ 'నేను', 'నువ్వు' అని ప్రతి వాక్యంలో అనరు. ఏడిపించేవి వేరే ఉన్నాయి: బల్లకీ కుర్చీకీ కూడా లింగం ఉండటం, గతకాలం రెండు రకాలు కావడం, అన్నిటికీ మించి కోరికలు, సందేహాలు చెప్పేటప్పుడు క్రియ వేరే రూపం తొడుక్కునే సబ్‌జంక్టివ్. ఇవన్నీ కలిపినా, ఒళ్లు దాచుకోకుండా చదివేవాళ్లకు మూడేళ్లు అక్కర్లేదు.

మరి మూడేళ్లు, ఆనర్స్‌తో నాలుగేళ్లు సాగే బీఏలో ఏం చేస్తారు? చాలామంది అడగకుండానే చేరిపోయే ప్రశ్న ఇది.

మొదటి ఏడాది దాదాపుగా భాషే. స్పానిష్‌లో ఒక్క ముక్క రాకపోయినా చేర్చుకుంటారు, 'ఓలా' (నమస్తే) దగ్గరే మొదలుపెడతారు. వ్యాకరణం, ఉచ్చారణ, వినడం, రాయడం, రోజూ క్లాసులు. రెండో ఏడాదికి వచ్చేసరికి దృశ్యం మారుతుంది. స్పెయిన్ చరిత్ర వస్తుంది: శతాబ్దాల ముస్లిం పాలన, 1492లో కొలంబస్ సముద్రయానం, అమెరికా ఖండంలో వలసలు, 1936 నుంచి 1939 దాకా అంతర్యుద్ధం, 1975లో ఫ్రాంకో చనిపోయేదాకా సాగిన నియంతృత్వం, 1978 రాజ్యాంగం. పక్కనే లాటిన్ అమెరికా: స్వాతంత్ర్య పోరాటాలు, మెక్సికో విప్లవం, క్యూబా, సైనిక ప్రభుత్వాలు. ఆ తర్వాత సాహిత్యం. సెర్వాంతెస్ కాలం నుంచి లోర్కా, నెరూదా, బోర్హెస్, గార్సియా మార్కెస్ వరకు, మూలంలోనే. పాఠం చెప్పేదీ స్పానిష్‌లోనే, పరీక్ష రాసేదీ స్పానిష్‌లోనే. అనువాదం ఒక పేపర్‌గా ఉంటుంది, భాషాశాస్త్రం కొంత తగులుతుంది.

అంటే ఇది స్పానిష్ కోచింగ్ కాదు. తెలుగు ఎం.ఏ.లో నన్నయ నుంచి దిగంబర కవుల దాకా చదివినట్టు, ఇరవై దేశాల అధికార భాషలో వచ్చిన సాహిత్యాన్నీ, ఆ సమాజాలనూ చదివే కోర్సు. కథలూ కవితలూ చదవడమంటే చిరాకు ఉన్నవాళ్లకు రెండో ఏడాది నుంచి నరకమే. భాషలంటే ఇష్టం, సాహిత్యమంటే అయిష్టం అనే పిల్లలు చాలామంది ఉంటారు. అది తప్పేమీ కాదు, కానీ వాళ్లు బీఏలో చేరకూడదు.

ఇక రెండో దారి. బీకామ్, బీఎస్సీ, బీఫార్మసీ, బీటెక్, ఏదో ఒకటి చేస్తూ పక్కన స్పానిష్. ఇఫ్లూలోనే రెగ్యులర్ డిగ్రీతో సంబంధం లేకుండా పార్ట్ టైమ్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడుస్తాయి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులు కూడా నడుపుతుంది. ఈ దారిలో మీ చేతికి వచ్చేది డిగ్రీ పట్టా కాదు, డెలే అనే పరీక్ష ధ్రువపత్రం. స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ ఇచ్చే ఈ పత్రానికి గడువు లేదు. ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు. కంపెనీలు పట్టించుకునేది బి2 నుంచి. బి2 పరీక్ష వంద మార్కులకు. చదవడం, రాయడం కలిపి ఒక యాభై. వినడం, మాట్లాడటం కలిపి ఇంకో యాభై. ఒక్కో దాంట్లో కనీసం 30 రావాలి. వ్యాకరణంలో దిట్ట, నోరు తెరిస్తే మాత్రం తడబాటు అనే మన పాత జబ్బు ఇక్కడ చెల్లదు. సియెలే అని కంప్యూటర్ మీద రాసే ఇంకో పరీక్ష ఉంది. త్వరగా కావాలంటే అది నయమే కానీ దాని ఫలితం ఐదేళ్ల వరకే చెల్లుతుంది.

వినడానికి ఈ దారి చాలా తెలివైనదిగా ఉంటుంది. ఆచరణలో ఎక్కువమంది ఎ2 దగ్గరో, బి1 మొదట్లోనో ఆగిపోతారు. ఎ1 సరదాగా ఉంటుంది: పేర్లు, అంకెలు, హోటల్లో కాఫీ అడగడం. బి1లో సబ్‌జంక్టివ్ వచ్చి పడుతుంది, సరిగ్గా అప్పుడే సెమిస్టర్ పరీక్షలూ వస్తాయి. సాయంత్రం క్లాసు ఒక నెల మానేస్తే మళ్లీ అందుకోవడం కష్టం. అడిగే నాథుడు ఉండడు కూడా. బీఏలో చేరినవాళ్లకు అటెండెన్స్, ఇంటర్నల్స్, పక్కన స్పానిష్‌లోనే జోకులేసుకునే స్నేహితులు ఉంటారు. బీఏ వల్ల వచ్చే పెద్ద లాభాల్లో ఇదొకటి, ప్రాస్పెక్టస్‌లో మాత్రం కనిపించదు.

ఉద్యోగాల సంగతికి వద్దాం, అందరి టెన్షన్ అదే కాబట్టి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో స్పానిష్ వచ్చినవాళ్లకు దొరికే పనులు ఎక్కువగా కస్టమర్ సపోర్ట్, ఇన్‌వాయిస్‌లు చూసే షేర్డ్ సర్వీసులు, కంటెంట్ రివ్యూ, యాప్‌లనూ వెబ్‌సైట్లనూ స్థానిక భాషలోకి మార్చే లోకలైజేషన్. ఇంటర్వ్యూలో ఫోన్లో స్పానిష్‌లో మాట్లాడించి చూస్తారు. పట్టా ఏ సబ్జెక్టులో అన్నది రెండో ప్రశ్న. దీనికి సాక్ష్యం అనంతపురంలోనే ఉంది. బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే కన్నుమూసిన విసెంతె ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ఒక విదేశీ భాషల శిక్షణ స్కూల్‌ను నడిపింది. డిగ్రీ పూర్తయిన పల్లెటూరి పిల్లలకు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్‌లలో ఒకటి నేర్పి కంపెనీ ఉద్యోగాలకు పంపడం దాని పని. వాళ్లెవరూ స్పానిష్ బీఏలు కారు.

జీతంతో పాటు షిఫ్ట్ ఏ దేశానికో కూడా అడగండి. స్పెయిన్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, వేసవిలో పన్నెండున్నర. హాయిగా రాత్రికి ఇంటికి చేరొచ్చు. మెక్సికో సిటీలో ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి మనకు రాత్రి తొమ్మిది. ఏళ్ల తరబడి నైట్ షిఫ్ట్ అంటే ఆరోగ్యం మీదా, పెళ్లి సంబంధాల మీదా దాని ప్రభావం ఎలా ఉంటుందో మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

స్పానిష్‌కి ఇంకో విద్య తోడైతే కథే వేరు. హైదరాబాద్ ఫార్మా కంపెనీలు లాటిన్ అమెరికాకు మందులు పంపుతాయి. డాక్టర్ రెడ్డీస్ 2005లో మెక్సికోలోని క్వెర్నవాకాలో ఏకంగా ఒక ప్లాంటే కొన్నది. మెక్సికోలో కొఫెప్రిస్, కొలంబియాలో ఇన్విమా లాంటి నియంత్రణ సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలు స్పానిష్‌లో జరుగుతాయి. మందు పెట్టె మీద లేబుల్ కూడా స్పానిష్‌లోనే. అక్కడ కావాల్సింది బయో ఈక్వివలెన్స్ (జనరిక్ మందు అసలు మందులాగే ఒంట్లో పనిచేస్తుందని చూపడం) అంటే ఏమిటో తెలిసి, దాన్ని స్పానిష్‌లో రాయగల మనిషి. స్పానిష్ బీఏకి మొదటిది తెలియదు, బీఫార్మసీకి రెండోది రాదు. రెండూ ఉన్నవాళ్లు అరుదు. నన్నడిగితే, రెండో దారి పట్టే పిల్లలు 'ఏదో ఒక డిగ్రీ' అనుకోకుండా ఇలాంటి జోడీని ముందే చూసుకోవాలి: ఫార్మసీ, అకౌంట్స్, హోటల్ మేనేజ్‌మెంట్, సాఫ్ట్‌వేర్. ఉత్త అనువాదం మీదే బతుకుదామంటే మాత్రం, మామూలు ఉత్తరాలూ మాన్యువల్సూ ఇప్పుడు మెషీనే చేసేస్తోంది. మనిషికి మిగులుతున్నది మెషీన్ తప్పు పట్టుకోగల స్థాయి పని. దానికి బి2 చాలదు.

బీఏ పక్షాన గట్టి వాదన ఇక్కడే మొదలవుతుంది. స్పానిష్‌లో ఎం.ఏ. చేయాలంటే సాధారణంగా స్పానిష్ బీఏ గానీ, దానికి సమానమైన అడ్వాన్స్‌డ్ డిప్లొమా స్థాయి గానీ అడుగుతారు. అధ్యాపక అర్హత కోసం యూజీసీ నెట్ పరీక్ష రాయాలంటే ఎం.ఏ. ఉండాలి, నెట్‌లో స్పానిష్ ఒక సబ్జెక్టుగా ఉంది. నెట్ గానీ పీహెచ్‌డీ గానీ లేనిదే యూనివర్సిటీలో పాఠం చెప్పే అవకాశం రాదు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో స్పానిష్ టీచర్ కావాలన్నా, సాహిత్యానువాదం చేయాలన్నా, లాటిన్ అమెరికా రాజకీయాలపై పరిశోధన చేయాలన్నా బీఏయే పునాది. ఇటు నుంచి అటు మాత్రం దారి తెరిచే ఉంటుంది: స్పానిష్ బీఏ చేసి ఎంబీఏకి వెళ్లొచ్చు, లా చదవొచ్చు, గ్రూప్స్, సివిల్స్ రాయొచ్చు. సివిల్స్‌లో స్పానిష్ సాహిత్యం ఆప్షనల్‌గా లేదని ముందే తెలుసుకుని దిగాలి. ఫారిన్ సర్వీస్ కోసమే స్పానిష్ చదువుతానంటే అది అనవసర శ్రమ కూడా. ఎంపికైన అధికారులకు విదేశీ భాషను ప్రభుత్వమే నేర్పిస్తుంది.

ఖర్చు విషయంలో బీఏకే మొగ్గు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఫీజులు ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుల ముందు లెక్కలోకే రావు. ఢిల్లీలోని జేఎన్‌యూలో ట్యూషన్ ఫీజు ఇప్పటికీ ఏడాదికి వందల రూపాయల్లోనే.

బీఏ అనుకున్నాక ఎక్కడ అన్నది ఇంకో తకరారు. ఇఫ్లూ 1958లో ఇంగ్లిష్ బోధనా సంస్థగా మొదలై, సీఫెల్‌గా పేరు మారి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. క్యాంపస్ అంతా భాషలవాళ్లే ఉండటం దాని బలం. ఒక పక్క అరబిక్, ఇంకో పక్క రష్యన్, జపనీస్. ఉద్యోగాలిచ్చే కంపెనీలు ఊళ్లోనే ఉన్నాయి. ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ రెండింట్లోనూ స్పానిష్ బీఏ ఆనర్స్ ఉంది, రెండింటికీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. జేఎన్‌యూలో స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్, లాటిన్ అమెరికా అధ్యయనాలు ఒకే కేంద్రంలో ఉంటాయి. పరిశోధన వైపు మనసుంటే దానికి సాటి లేదు. ఢిల్లీకి ఇంకో ఆకర్షణ ఊరే. స్పెయిన్, మెక్సికో, అర్జెంటీనా, కొలంబియా రాయబార కార్యాలయాలు, సెర్వాంతెస్ లైబ్రరీ, ఢిల్లీ-ఆగ్రా-జైపూర్ తిరిగే స్పానిష్ టూరిస్టులు. చదువుకుంటూనే అసలు స్పానిష్ మాట్లాడేవాళ్లతో పని చేసే అవకాశం హైదరాబాద్‌లో అంత లేదు. మాట్లాడటంలో తేడా అక్కడే వస్తుంది. ఇంటికి దూరం, చలి, అద్దెలు భరించగలిగితే నేను జేఎన్‌యూకే ఓటేస్తాను. మూడేళ్లయ్యాక వెంటనే ఉద్యోగం కావాలంటే ఇఫ్లూ.

నేరుగా స్పెయిన్‌కే వెళ్లి డిగ్రీ చేస్తే? అక్కడి డిగ్రీ నాలుగేళ్లు, 240 క్రెడిట్లు. ఇంటర్ సర్టిఫికెట్‌కి అక్కడి గుర్తింపు తెచ్చుకోవాలి, ప్రవేశ ప్రక్రియ నడిపించుకోవాలి, మొదటి రోజు నుంచే పాఠాలు స్పానిష్‌లో అర్థం కావాలి. సున్నా నుంచి మొదలుపెట్టే తెలుగు విద్యార్థికి ఇది దారి కాదు. ఇక్కడ బీఏ చేసి, 1218లో పుట్టిన సలమాంకా లాంటి చోట స్పానిష్ బోధనలో మాస్టర్స్‌కి వెళ్లడం చాలా మేలు.

మరి ఆ అమ్మాయికి ఏం చెప్పాలి? ఇంటర్ సెలవుల్లోనే ఎ1 క్లాసులో చేరమనండి. పాఠం అయ్యాక ఆ దేశాల గురించి, అక్కడి రచయితల గురించి తనంతట తానే వెతుక్కుని చదువుతోందా, గమనించండి. చదువుతుంటే బీఏకి పంపండి, రెండో ఏడాదిలోపే డెలే బి1, డిగ్రీ పూర్తయ్యేలోపు బి2 లేదా సి1 రాయాలన్న షరతుతో. చదవకపోతే బీకామో ఫార్మసీయో తీసుకోమని, స్పానిష్ క్లాసును మాత్రం బి2 వచ్చేదాకా వారంలో మూడు రోజులైనా మానొద్దని చెప్పండి. క్లాసులో నేర్పేది ఎక్కువగా స్పెయిన్ యాస, ఉద్యోగంలో వినబడేది మెక్సికో, కొలంబియా యాసలు. కాబట్టి ఏ దారి పట్టినా మొదటి నెల నుంచే అక్కడి రేడియో, యూట్యూబ్ వినడం అలవాటు చేసుకోమనండి.