‘గ్యాస్ నిషేధించారు’ అంటూ పాత ఏసీలు విప్పేవాళ్లతో జాగ్రత్త

ఫోనులో యాప్ తెరిచి ఏసీ మెకానిక్‌ను పిలిచేవాళ్లందరూ ఇది చదవండి. యాప్ పేరు రాయను. మీలో చాలామంది వాడుతున్నదే.

విజయవాడలో మా అమ్మానాన్నల గదిలో ఉన్నది పాత ఏసీ, గదిని చల్లబరచడానికి ఆర్-22 అనే గ్యాస్ వాడే రకం. చల్లదనం తగ్గిందని మెకానిక్‌ను పిలిచాం. వచ్చిన మనిషి లీకు వెతకలేదు, గ్యాస్ పీడనం చూసే గేజి కూడా పెట్టలేదు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర పైపు నట్టు వదులు చేసి, లోపల మిగిలిన గ్యాసంతా డాబా మీదే గాలిలోకి వదిలేశాడు. బుస్సుమన్న శబ్దం విని నేను అక్కడికి చేరేలోపే అంతా అయిపోయింది. అప్పుడు చెప్పాడు: ‘‘ఈ గ్యాస్‌ను గవర్నమెంటు నిషేధించింది సార్, ఎక్కడా దొరకదు. కొత్త ఏసీ తీసుకోండి, మేమే బిగిస్తాం. వద్దంటే వేరే గ్యాస్ ఎక్కిస్తాను.’’ ముందు అడిగి ఆ తరువాత విప్పాలి కదా! విప్పి, మాకు వేరే దారి లేకుండా చేసి, అప్పుడు అడిగాడు. మండుటెండల్లో నాన్నగారి పరిస్థితి చూసి ఎక్కించమన్నాం. డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకే మళ్లీ చల్లదనం పోయింది. ఈసారి మా వీధిలో అందరికీ తెలిసిన మెకానిక్ వచ్చాడు. గేజి పెట్టి చూసి, ‘‘ఇందులో ఏ గ్యాస్ వేశారు?’’ అన్నాడు. బిల్లు తీస్తే ‘గ్యాస్ చార్జింగ్’ అని మాత్రమే ఉంది. మొదటి మనిషికి ఫోన్ చేశాను. ‘‘హైడ్రోకార్బన్ వేశాను. చల్లగా వచ్చింది కదా, ఏ గ్యాస్ అయితే మీకెందుకు?’’ అని పెట్టేశాడు.

మాకెందుకా? ఏసీల్లో హైడ్రోకార్బన్ అంటే సాధారణంగా నిప్పు అంటుకునే ప్రొపేన్ రకం గ్యాస్, ఆర్-290. మన వంటగ్యాస్‌లో ఉండేదీ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌లే. వంటగ్యాస్‌కు లీకు తెలియడానికి వాసన కలుపుతారు, ఏసీలకు వాడే దానికి కలపరు. గాలి కంటే బరువైనది కాబట్టి లీకైతే నేల మీదే పేరుకుంటుంది. సబ్బు నురుగు పెట్టి చూస్తే లీకు ఇండోర్ యూనిట్ జాయింటు దగ్గరే ఉంది. తలుపులు మూసుకుని అమ్మానాన్నలు పడుకునే గది అది. దేవుడి పటాలూ అక్కడే, రెండు పూటలా అమ్మ దీపం వెలిగించేదీ అక్కడే. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఆర్-290 కోసమే తయారైన ఏసీలు మన దేశంలో ఉన్నాయి. వాటిలో గ్యాస్ పరిమాణానికి హద్దు ఉంటుంది, నిప్పురవ్వ రాకుండా విద్యుత్ భాగాలు అమర్చి ఉంటాయి. ఆర్-22 ఏసీలో అవేవీ ఉండవు.

నిషేధం మాటలోనూ నిజం సగమే. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కనుక మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దశలవారీగా తగ్గిస్తున్నారు. మన దేశంలో 2025 జనవరి 1 నుంచి కొత్త ఏసీల తయారీలో దాన్ని వాడకూడదు. ఇళ్లలో ఉన్న పాత ఏసీలు నడుపుకోవచ్చు, బాగు చేయించుకోవచ్చు. 2030 నాటికి ఈ రకం గ్యాస్‌ల వాడకం దేశంలో 97.5 శాతం తగ్గాలి, ఆ తరువాత కూడా 2040 వరకు మరమ్మతుల కోసం కొద్ది మేర అనుమతి ఉంది. గ్యాస్ దొరకడం తగ్గుతుంది, ధర పెరుగుతుంది, నిజమే. ఈ గడువుల సంగతి మామూలు ఇళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టే ఇలాంటివాళ్ల నోట ‘బ్యాన్’ అన్న ఒక్క మాట చెల్లుతోంది. గ్యాస్ నిషేధించారని మాకు చెప్పిన మనిషే, అదే గ్యాస్‌ను మా డాబా మీద గాలికి వదిలాడు. కిలో ఆర్-22 భూమిని వేడెక్కించడంలో సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. దాన్ని ఖాళీ సిలిండర్‌లోకి లాగి పట్టుకునే యంత్రాలు ఉన్నాయి.

ఇక మీరు చేయాల్సింది. అవుట్‌డోర్ యూనిట్ మీది రేకుపై గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి, ఫొటో తీసి పెట్టుకోండి. గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు, తగ్గిందంటే లీకే. లీకు మూసి, నైట్రోజన్‌తో పరీక్షించి, పైపుల్లోని గాలి, తేమ లాగేశాకే (వాక్యూమ్ చేశాకే) ఎక్కించనివ్వండి. సిలిండర్ మీద పేరు చూడండి, తూకం వేయించండి. ఆర్-22 ఏసీలో ఆర్-32, ఆర్-410ఏ అనే వేరే ఏసీ గ్యాస్‌లు ఎక్కిస్తామన్నా ఒప్పుకోవద్దు, వాటి పీడనం చాలా ఎక్కువ. వాటికి కంప్రెసర్‌లో వాడే నూనె కూడా వేరు.

మా ఏసీ ప్లగ్గు తీసి పక్కన పెట్టాం. యాప్ వాళ్లు ‘సర్వీసు పూర్తయింది’ అన్న సందేశమే మళ్లీ మళ్లీ పంపుతున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు మీద గ్యాస్ పేరు, బరువు రాయించుకోకుండా మీరు మాత్రం డబ్బు ఇవ్వకండి.