ఫ్యాన్ మోతకు ఏది మేలు: ఆయిలా, బయోస్ సెట్టింగా, కొత్త ఫ్యానా?

అసెంబుల్ చేసుకున్న పీసీలో ఫ్యాన్ మోత మొదలైతే అందరూ అడిగేది ఒకటే: ఆయిల్ చుక్క వేస్తే పోతుందా, కొత్తది కొనాలా? బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ఫ్యాన్ సెట్టింగ్ అనే మూడో దారి చాలామందికి తట్టదు. నేనైతే ముందు అక్కడికే వెళ్లమంటాను. వస్తున్నది గాలి మోతా, బేరింగ్ మోతా అన్నది అక్కడే తేలుతుంది. అది తేలితే మిగతా నిర్ణయం దానంతటదే అయిపోతుంది.

బయోస్‌లో ఆ ఫ్యాన్ వేగాన్ని కాసేపు 40 శాతం దగ్గర పెట్టండి. భారీ పనేదీ నడవనప్పుడు కొద్ది నిమిషాలకు ఏమీ కాదు, పక్కనే టెంపరేచర్ కనిపిస్తూనే ఉంటుంది. మోత అణిగిందంటే ఫ్యాన్ బాగానే ఉంది, అవసరానికి మించి తిరుగుతోంది. నెమ్మదించినా గరగర వస్తూనే ఉంటే, రెక్కకు వైరేదీ తగలడం లేదని చూసుకున్నాక, బేరింగ్ పోయిందనే అనుకోవాలి.

గాలి మోత అయితే పైసా ఖర్చు లేదు. 4 పిన్ ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ అందుతుంటాయి, నాలుగో తీగలో వచ్చే పీడబ్ల్యూఎం సిగ్నల్ వేగాన్ని మారుస్తుంది. 3 పిన్ ఫ్యాన్‌కు ఆ తీగ లేదు కాబట్టి వోల్టేజీ తగ్గితేనే నెమ్మదిస్తుంది. అలాంటి ఫ్యాన్ ఉన్న హెడర్ (మదర్‌బోర్డు మీద ఫ్యాన్ వైరు తగిలించే పిన్నుల చోటు) పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే ఎంతసేపూ ఫుల్ స్పీడే. బయోస్‌లో దాన్ని డీసీ మోడ్‌కు, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతికి, మారిస్తే సరిపోతుంది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా బుస్సుమని లేచి తగ్గుతుంటే, స్టెప్ అప్ టైమ్ లాంటి పేరుతో ఉండే సెట్టింగ్‌ను కొన్ని సెకన్లు పెంచండి. ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే మోలెక్స్ వైరుకు నేరుగా తగిలించిన ఫ్యాన్ మాత్రం బయోస్ మాట వినదు.

మన ఎండల సంగతీ మరవకూడదు. డిసెంబరులో గది 24 డిగ్రీలున్నప్పుడు కుదిరిన ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగం అన్న సెట్టింగ్) మే నెలలో 38 డిగ్రీల గదిలో కుదరదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంతే పైకి పోతుంది. అప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరగడం జబ్బు కాదు, దాని పని అది చేస్తోంది. అయితే ముందు దుమ్ము దులపండి. ప్రాసెసర్‌తో పాటే వచ్చే బాక్స్ కూలర్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, ఫ్యాన్ విప్పితే కింద వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మీద దుమ్ము పొర పరుచుకుని ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అవి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగే దెబ్బతింటుంది.

బేరింగ్ పోయిందని తేలితే నా ఓటు కొత్త ఫ్యాన్‌కే. పాత స్లీవ్ బేరింగ్ (నూనె పట్టిన చిన్న గొట్టంలో ఇరుసు తిరిగే రకం) ఫ్యాన్‌లో ఆయిల్ పనిచేస్తుంది, కాదనను. స్టిక్కర్ లేపి ఒక చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేస్తే మోత తగ్గుతుంది. కానీ ఎండిన నూనెను భర్తీ చేయగలం గానీ అరిగిన లోహాన్ని చేయలేం. కొన్నాళ్లకు మోత మళ్లీ మొదలవుతుంది. ఇప్పటి ఫ్యాన్లలో చాలావాటికి ఆయిల్ వేసే చోటే మూసేసి ఉంటుంది. కొత్త ఫ్యాన్ వచ్చేదాకా పీసీ నడవాలంటే ఆయిల్ వేసుకోండి, కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ విషయంలో అసలు సాగదీయకండి. అది ఆగితే ప్రాసెసర్ వేగం పడిపోతుంది, వేడి మరీ పెరిగితే పీసీ ఆగిపోతుంది.

వేగం తగ్గించే రెసిస్టర్ వైర్లు బయోస్‌లో కంట్రోల్ లేని పాత బోర్డులకే. లిక్విడ్ కూలర్ మోతకు మందు కాదు, దానికీ ఫ్యాన్లుంటాయి.

కొనేటప్పుడు ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ (ఇరుసు నూనె పొర మీద తిరిగే రకం) ఉన్న 4 పిన్‌ది చూడండి. క్యాబినెట్‌కైతే 120 మి.మీ.దా, 140దా కొలుచుకోండి. బాక్స్ కూలర్ అయితే ఫ్యాన్ ఒక్కటే వెతకడం కన్నా కూలర్ మొత్తం మార్చి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొత్తగా వేయడం తేలిక. వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్‌కే పెట్టండి. వేరే చోట పెడితే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపి ఆగిపోతాయి.